పళ్లెం వెంట గ్లాసు: స్పెయిన్‌లో ఒక రుచి యాత్ర



మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆకలేస్తోందని మాడ్రిడ్‌లో ఏ మంచి హోటలుకైనా వెళితే, వంటవాళ్లు ఇంకా ఉల్లిపాయలు తరుగుతూ ఉంటారు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాకే. రాత్రి తొమ్మిదింటికి తింటే పెందలాడే తిన్నట్టు లెక్క. స్పెయిన్‌వాళ్లది బద్ధకమని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు గాని, తప్పంతా గడియారానిది. పటం మీద చూస్తే స్పెయిన్ ఇంగ్లండుకు సరిగ్గా దక్షిణాన ఉంటుంది, రెండు దేశాలకూ ఒకే టైము సరిపోవాలి. 1940 మార్చిలో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు తిప్పి, జర్మనీ టైముతో కలిపేసింది. యుద్ధం ముగిసింది, ఫ్రాంకో పోయాడు, ముల్లు మాత్రం వెనక్కి రాలేదు. వేసవిలో మాడ్రిడ్ మీద సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండు దాటుతుంది. జనం పొట్టలు గడియారాన్ని పట్టించుకోకుండా సూర్యుణ్ణే నమ్ముకున్నాయి.

తిండి కోసం, వైన్ కోసం స్పెయిన్ వెళ్లే యాత్రికుల బృందాలకు గైడు మొదటిరోజే చెప్పే సంగతుల్లో ఇదొకటి. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఆ దేశంలో ఉత్త గ్లాసు పట్టుకుని కూర్చునే అలవాటు తక్కువ. గ్లాసు పక్కన చిన్న పళ్లెం ఉండాలి, అందులో నాలుగు ఆలివ్ కాయలైనా ఉండాలి. 2003లో స్పెయిన్ పార్లమెంటు చేసిన వైన్ చట్టం వైన్‌ను సహజమైన ఆహారం అనే నిర్వచించింది. మద్యం మాట రేడియోలో ఎత్తారేమిటని ఎవరైనా నొసలు చిట్లిస్తే, ఆ చట్టం సంగతి చెప్పవచ్చు. ప్రపంచంలో ద్రాక్ష తోటల విస్తీర్ణం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న దేశం కూడా అదే. తొమ్మిది లక్షల హెక్టార్లకు పైమాటే.

ఈ ప్రయాణాన్ని బార్సిలోనాలో మొదలుపెట్టి అక్కడే ముగించేవాళ్లు చాలామంది. దక్షిణాన మొదలుపెట్టడం మేలు.

అండలూసియాలో, అట్లాంటిక్ తీరానికి దగ్గరగా, హెరెస్ దె లా ఫ్రోంతేరా అనే ఊరుంది. ప్రపంచం షెర్రీ అని పిలిచే వైన్ పుట్టినిల్లు అదే. ఊరి చుట్టూ నేల సున్నం చల్లినట్టు తెల్లగా మెరుస్తుంది. శీతకాలపు వానను లోపలికి పీల్చుకుని, ఎండాకాలంలో పైన గట్టిగా పెచ్చుకట్టి, తడిని తీగ వేళ్లకు దాచిపెట్టే మట్టి అది. ఈ వైన్‌కు ఇంగ్లండులో పేరు రావడం వెనక ఒక దోపిడీ కూడా ఉంది. 1587లో ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ కాడిజ్ రేవు మీద పడి, స్పెయిన్ ఓడలను తగలబెట్టి, పోతూ పోతూ దాదాపు 2,900 పీపాల షెర్రీని ఎత్తుకుపోయాడు. లండన్ సత్రాల్లో జనం దాని రుచి మరిగారు. ఓ పదేళ్లకు షేక్‌స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే స్థూలకాయుడు ఈ వైన్ మహిమ మీద ఏకంగా ఉపన్యాసమే దంచాడు.

షెర్రీ పీపాలను ఉంచే గిడ్డంగిని బోదెగా అంటారు. మందపాటి గోడలు, గుడి మంటపమంత ఎత్తు కప్పు, పైనెక్కడో చిన్న కిటికీలు, వాటికి గడ్డి చాపలు. కింద నేల మీద ఇసుక పోసి వేసవిలో నీళ్లు చల్లుతారు. లోపలికి అడుగుపెడితే కళ్లకన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది: తడి ఇసుక, పాత ఓక్ చెక్క, పులిసిన పిండి, ఎక్కడో బాదంపప్పు. నల్లరంగు పూసిన పీపాలు వరస మీద వరస పేర్చి ఉంటాయి. చాలాచోట్ల సందర్శకుల కోసం ఒక పీపాకు ముందువైపు గాజు పలక బిగించి పెడతారు. అందులోంచి చూస్తే వైన్ మీద ముడతలు పడిన తెల్లటి తెట్టు కనబడుతుంది. చాలా ఊళ్లలో వైన్ మీద తెట్టు కట్టిందంటే పాడైపోయిందనే అర్థం. ఇక్కడ ఆ తెట్టు కోసమే పీపాను నిండా నింపకుండా పైన వెలితి ఉంచుతారు. అది ఈస్ట్ పొర. వైన్‌కు గాలి తగలనివ్వదు, లోపలున్నదాన్ని కొంచెం కొంచెంగా తింటూ బతుకుతుంది. అలా తయారైన ఫీనో లేత గడ్డి రంగులో, తీపి లేకుండా, కాస్త ఉప్పగా ఉంటుంది. అందులో ఆల్కహాలు 15 శాతం. అదే కొత్త వైన్‌ను మొదట్లోనే 17 శాతానికి పెంచితే ఈస్ట్ బతకదు, గాలి లోపలికి చేరుతుంది, వైన్ గోధుమరంగుకు తిరిగి ఓలొరోసో అవుతుంది. రెండు శాతమే తేడా, రెంటి రుచికీ పొంతనే ఉండదు.

సీసా మీద ఏ సంవత్సరం పంటో వెతికితే సాధారణంగా కనబడదు. పీపాల్లో అన్నిటికన్నా పాత వైన్ ఉన్న వరసను సొలేరా అంటారు. సీసాలోకి పోసేది అందులోంచే. అదీ కొంతే తీస్తారు. తీసినంత మేర దానికన్నా చిన్న వయసు వరసలోంచి నింపుతారు. ఆ వరసను ఇంకా లేతదానితో నింపుతారు. అన్నిటికీ చివర ఈ ఏటి కొత్త వైన్ చేరుతుంది. నిన్నటి పెరుగు చుక్క ఈ పూట పాలను తోడుపెట్టినట్టే పాత వైన్ కొత్తదానికి తన గుణం అంటిస్తుంది. పాత పీపా ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు.

1835లో పుట్టిన గొన్సాలెస్ బ్యాస్ సంస్థ బోదెగాలో ఒక ముచ్చటైన దృశ్యం ఉంది. నేల మీద తీపి షెర్రీ పోసిన గ్లాసు, దానికి ఆనించి వేలెడంత నిచ్చెన. ఎలుకల కోసం! ఎప్పుడో ఒక పనివాడు సరదాకు పెట్టాడట, సంస్థ దాన్ని అలాగే నిలుపుకుంది. యాత్రికులు పీపాలను వదిలేసి నిచ్చెనకే ఫొటోలు తీస్తారు. ఈలోగా బోదెగా మనిషి పొడుగాటి సన్నని కాడకు చివర వెండి గిన్నె ఉన్న వెనెన్సియాను పీపా రంధ్రంలోకి దించి, తల కన్నా ఎత్తు నుంచి సన్నని ధారగా గ్లాసులోకి వంచుతాడు. కింద ఒక్క చుక్క పడదు.

ఆ గ్లాసును బాగా చల్లగా, ఉప్పు చల్లిన బాదంతోనో, ఆలివ్‌తోనో, నూనెలో వేయించిన చిన్న చేపలతోనో తీసుకోవాలి. ఉత్తగా తాగితే ఫీనో చాలామందికి మొదటిసారి నచ్చదు. చేప ముక్క కొరికాక తాగితే దానిలోని ఉప్పదనానికి అర్థం తెలుస్తుంది. పక్కనే గ్వాదల్‌కివిర్ నది సముద్రంలో కలిసేచోట సాన్లూకర్ అనే ఊరుంది. అక్కడి మంసనీయా అనే షెర్రీ, అక్కడి రొయ్యలు ఒక జత. ఆ రొయ్యలకు ఉడకబెట్టి గల్లుప్పు చల్లడం తప్ప వంట ఏమీ ఉండదు. మసాలా లేని రొయ్యలు రొయ్యలేమిటని గోదావరి జిల్లావాళ్లు అడగవచ్చు. తిన్నాక అడగడం న్యాయం.

కారం మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. కొలంబస్ ఓడలు అమెరికా నుంచి తెచ్చినవాటిలో మిరప ఒకటి. స్పెయిన్‌లో క్రైస్తవ మఠాల తోటల్లో అది వేళ్లూనింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ద్వారా మన రేవులకూ చేరింది. స్పెయిన్ పడమటి భాగంలో లా వేరా లోయలో ఆ మిరపపండ్లను ఓక్ కట్టెల పొగ మీద దాదాపు పదిహేను రోజులు ఎండబెడతారు, రోజూ చేత్తో తిరగేస్తారు, తర్వాత పొడి కొడతారు. ఆ పొడి పేరు పిమెంతోన్. గుంటూరు యార్డు గాలి పీల్చినవాళ్లకు అందులో కారమే తోచదు. దాని బలమంతా రంగులో, పొగ వాసనలో ఉంది. ఉడికించిన బంగాళాదుంప మీద ఆలివ్ నూనె పోసి చిటికెడు చల్లితే చాలు.

ఆ పడమటి అడవుల్లోనే చలికాలంలో నల్లపందులు ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తిని బలుస్తాయి. వాటి తొడను ఉప్పులో ఊరేసి మూడేళ్ల దాకా గాలికి ఆరబెట్టిందే పేరుమోసిన హామోన్. 2014 నుంచి తొడకు రంగు పట్టీ కట్టాలని నియమం ఉంది. నల్ల పట్టీ ఉంటేనే స్వచ్ఛమైన జాతి, ఓక్ కాయల మేత. ధర చూసి గుండె గట్టి చేసుకోవాలి.

ఇక తూర్పు తీరం. వలెన్సియా నగరానికి దక్షిణాన పది కిలోమీటర్ల దూరంలో అల్బుఫేరా సరస్సు, దాని చుట్టూ వరిచేలు. కోనసీమవాళ్లకు ఇల్లు గుర్తొచ్చేంత పచ్చదనం. వరిని, కాలువల సాగును ఇక్కడికి తెచ్చింది అరబ్బులు. 8వ శతాబ్దం నుంచి 1492లో గ్రనాడా పతనం దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగం ముస్లిం పాలనలోనే ఉంది. పాలకులు మారారు, కాలువలు మిగిలాయి. కాలువల తగువులూ మిగిలాయి. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వలెన్సియా పెద్ద చర్చి గుమ్మం ముందు నల్ల అంగీలు తొడుక్కున్న ఎనిమిదిమంది రైతులు కూర్చుంటారు. ఎవరి వంతు నీళ్లు ఎవరు మళ్లించుకున్నారో అక్కడికక్కడే విని, తీర్పు చెబుతారు. వకీళ్లు లేరు, వాదనంతా నోటిమాటే. ఆ తీర్పుకు చట్టబద్ధత ఉంది. 2009లో యునెస్కో ఈ నీళ్ల కోర్టును మానవాళి వారసత్వాల్లో చేర్చింది. డెల్టా ఆయకట్టు చివరి భూముల రైతు ఎవరైనా అక్కడ ఒక పూట నిలబడి చూడదగ్గది.

పాయెయా అనే అన్నం వంటకం పుట్టింది ఈ చేల మధ్యనే. బయటి దేశాల్లో పాయెయా అంటే రొయ్యలు, ఆల్చిప్పలు గుర్తొస్తాయి. వలెన్సియావాళ్ల అసలు వంటకంలో పడేవి కోడిమాంసం, కుందేలు మాంసం, వెడల్పాటి పచ్చి చిక్కుళ్లు, గర్రఫో అనే పెద్ద తెల్ల గింజలు, టమాటా, ఆలివ్ నూనె, నీళ్లు, ఉప్పు, కుంకుమపువ్వు, బియ్యం. అంతే, పది వస్తువులు. ఉల్లిపాయ వేస్తే మొహం చిట్లిస్తారు. 2016లో ఇంగ్లండు వంటగాడు జేమీ ఆలివర్ తన పాయెయాలో చోరీసో అనే మాంసపు సాసేజి వేశానని ప్రకటిస్తే స్పెయిన్ అంతా ఆయన మీద విరుచుకుపడింది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. పప్పుచారులో క్రీము పోశానని ఎవరైనా అంటే మన ఊళ్లో ఏమవుతుందో ఆలోచిస్తే అంత నవ్వు రాదు.

వంట చూడాలంటే ఆరుబయట, నారింజ కట్టెల మంట మీద చూడాలి. వెడల్పాటి, లోతు లేని ఇనుప పళ్లెం. ముందు నూనెలో మాంసం నెమ్మదిగా ఎర్రబడాలి. వంటంతటిలో ఓపిక కావలసింది అక్కడే. తర్వాత చిక్కుళ్లు, గింజలు, టమాటా, నీళ్లు. మాంసం రసం దిగాక కుంకుమపువ్వు, ఆపైన బియ్యం. ఒకసారి సమంగా పరిచాక గరిటె పక్కన పెట్టెయ్యాలి. కలిపితే గంజి వదిలి ముద్దవుతుంది. ఇక్కడి బోంబా రకం బియ్యం పొట్టిగా ఉండి, తనకన్నా చాలా ఎక్కువ రసం పీల్చుకుని కూడా పగలదు. పళ్లెంలో అన్నం మందం వేలెడు కూడా ఉండదు. చివర మంట పెంచి, చెవి దగ్గరగా పెట్టి వింటారు. చిటపటలు మొదలయ్యాయంటే అడుగున మాడు కడుతున్నట్టు. ఆ మాడుకు సొకర్రాత్ అని పేరు, దాని కోసం అన్నదమ్ములు గిల్లికజ్జాలు ఆడతారు. పద్ధతి తెలిసినవాళ్లు పళ్లెం చుట్టూ కూర్చుని, చెక్క చెంచాలతో, ఎవరి ఎదుట ఉన్న వాటా వాళ్లు తింటారు. పక్కవాడి వైపు చెంచా పోనివ్వరు. ఇది మధ్యాహ్నపు భోజనం. రాత్రి తొమ్మిదింటికి పర్యాటకుల వీధిలో రంగు ఫొటో పెట్టి పాయెయా అమ్ముతున్నారంటే అది ఏ డబ్బా సరుకో అనుకుని తప్పుకోవడం మంచిది.

ఆ అన్నానికి రంగునిచ్చే కుంకుమపువ్వు లోపలి లా మంచా పీఠభూమి నుంచి వస్తుంది. అక్టోబరులో పూలు పూస్తాయి. ఎండ ఎక్కకముందే కోసి, ఒక్కో పువ్వులోంచి మూడేసి కీలాగ్రాలు చేత్తో తీయాలి. కిలో కుంకుమపువ్వుకు లక్షకు పైగా పూలు. ధర ఎందుకంతో కాశ్మీరు పాంపోర్ రైతులను అడిగినా ఇదే లెక్క చెబుతారు.

వలెన్సియా వదిలేముందు ఓర్చాతా తాగాలి. మన పొలాల్లో కలుపుగా పెరిగే తుంగ ఉంది కదా, ఆ జాతి మొక్క దుంపల్ని నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. పక్కనున్న అల్బొరాయా ఊరు దీనికి పెట్టింది పేరు.

మాడ్రిడ్‌ను ఒక్కరోజులో దాటవచ్చు. 1725 నుంచి నడుస్తున్న బొతీన్ హోటలును ప్రపంచంలోకెల్లా పాతదని గిన్నిస్ పుస్తకం గుర్తించింది. అమెరికా రచయిత హెమింగ్వే తన నవల ఒకదాని చివరి ఘట్టంలో పాత్రలను అక్కడే భోజనానికి కూర్చోబెట్టాడు. సముద్రం ఆనవాలు లేని ఈ నగరంలో వీధి తిండి మాత్రం వేయించిన స్క్విడ్ కుక్కిన రొట్టె.

ఉత్తరాన రియోహా చేరితే గ్లాసులో రంగు మారుతుంది, కథా మారుతుంది. ఎర్ర వైన్ ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నా, దాని అదృష్టం ఫ్రాన్సు దురదృష్టంతో కలిసివచ్చింది. అమెరికా మొక్కల వెంట వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు 1860ల నుంచి ఫ్రాన్సు ద్రాక్షతీగల వేళ్లను పీల్చి, తోటలకు తోటల్ని చంపేసింది. సరుకు లేక బోర్దో వ్యాపారులు పిరెనీస్ కొండలు దాటి వచ్చారు. వాళ్లకు కావలసినవి రెండు, మంచి ద్రాక్ష, రైలు. హారో అనే చిన్న ఊళ్లో రెండూ దొరికాయి. స్టేషను చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి బోదెగాలు లేచాయి. ఓక్ పీపాల్లో వైన్‌ను ఏళ్లతరబడి పండించే బోర్దో పద్ధతి అప్పుడే ఇక్కడ పాతుకుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆ పురుగు రియోహాకూ వచ్చిపడింది. కాని అప్పటికే మందు తెలుసు. దాన్ని తట్టుకునే అమెరికా తీగ వేరు మీద స్పెయిన్ తీగను అంటుకట్టారు.

స్టేషను పేటలో 1877లో మొదలైన లోపెజ్ దె ఎరెదియా బోదెగా ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. పీపాలు చేసే వడ్రంగులు కూడా ఆ బోదెగాలోనే ఉన్నారు. నేలమాళిగలో సీసాల మీద సాలెగూళ్లు దట్టంగా వేలాడుతుంటాయి, ఎవరూ దులపరు. బిరడాలను తొలిచే పురుగుల్ని సాలీళ్లు తినేస్తాయి కాబట్టి అవీ జీతం లేని పనివాళ్లే. అదే ఆవరణలో బయట, వాస్తుశిల్పి జహా హదీద్ కట్టిన ఆధునిక మంటపం ఉంది. పాతవాళ్లు దాన్ని చూసి ఏమనుకున్నారో గాని, పక్కపక్కనే చూస్తే రెండూ బాగున్నాయి.

సీసా కొనేవాళ్లకు మూడు మాటలు తెలిస్తే చాలు. ఎర్ర వైన్‌లో క్రియాన్సా అంటే కనీసం రెండేళ్లు, రెసేర్వా అంటే మూడేళ్లు, గ్రాన్ రెసేర్వా అంటే ఐదేళ్లు పండినది, అందులో కొంతకాలం ఓక్ పీపాలో. వయసు ఎక్కువైతే రుచి ఎక్కువని కాదు. ద్రాక్ష తీగల కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల ముక్కలతో సాధారణ క్రియాన్సాయే బాగా కుదురుతుంది.

ఆ ప్రాంత రాజధాని లొగ్రోన్యోలో లౌరెల్ అనే ఇరుకు వీధి ఉంది. అక్కడ ఒక్కో కొట్టుకు ఒక్కో వంటకం పేరుమోసింది. ఒకచోట వెల్లుల్లి నూనెలో పెనం మీద వేగిన పుట్టగొడుగులు మూడు, పైన ఒక చిన్న రొయ్య, అడుగున రొట్టె ముక్క, అన్నిటినీ కలిపి గుచ్చిన పుల్ల. ఆ కొట్టు ఏళ్లుగా అదే చేస్తోంది. జనం అది నిలబడి తిని, చిన్న గ్లాసు ముగించి, పక్క కొట్టుకు నడుస్తారు.

ఈ నడక అలవాటు పతాకస్థాయికి చేరిన చోటు బాస్క్ తీరంలోని సాన్ సెబాస్టియన్. పాత పేటలో కౌంటర్ల మీద పించోలు అనే చిరుతిళ్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో పెద్దక్క హిల్దా. ఒక పుల్లకు ఆలివ్, ఉప్పులో ఊరిన నెత్తళ్ల జాతి చేప, ఊరమిరపకాయలు గుచ్చితే అదే హిల్దా. 1946లో వచ్చిన రీటా హేవర్త్ సినిమా పేరు దీనికి పెట్టారు. పొయ్యి వెలిగించకుండా తయారయ్యే ఈ ఒక్క కాటులో ఉప్పు, పులుపు, కారం, నూనె అన్నీ ఉన్నాయి. దానికి తోడు చకోలీ అనే పుల్లటి తెల్ల వైన్. ఆ వైన్‌కు పేరున్న గెతారియా ఊరే ఎల్కానోది. మాజెలాన్ దారిలో చనిపోతే, భూమి చుట్టి వచ్చిన ఓడను 1522లో పద్దెనిమిది మందితో సాన్లూకర్ రేవుకు చేర్చినవాడు ఆయనే. ఓడ నిండా లవంగాలు.

బాస్క్ మగవాళ్లకు వంట క్లబ్బులున్నాయి. 19వ శతాబ్దంలో మొదలైన ఈ సంఘాల్లో సభ్యులు తామే వండుకుని, తామే తిని, వాడిన సరుకుకు లెక్క రాసి డబ్బు పెడతారు. చాలాకాలం ఆడవాళ్లను వంటగదిలోకి రానివ్వలేదు. ఇళ్లలో మూడు పూటలా వండింది మాత్రం వాళ్లే. ఈ విడ్డూరం ఇప్పుడిప్పుడే సడలుతోంది. 1970ల్లో హువాన్ మారి అర్సాక్, పెద్రో సుబిహానా లాంటివాళ్లు ఆ ఇంటి వంటనే తేలికచేసి కొత్త బాస్క్ వంటగా మలిచారు. తర్వాత కతలూన్యాలో ఫెర్రాన్ అద్రియా ఎల్ బుయి హోటలులో ఆలివ్ రసాన్ని ఆలివ్ కాయలా గోళీ కట్టించి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించాడు. 2011లో ఆయన ఆ హోటలు మూసేశాడు. లౌరెల్ వీధి పుట్టగొడుగులు మాత్రం ఇంకా వేగుతున్నాయి.

వెళ్లదలచినవాళ్లకు కొన్ని మాటలు. శాకాహారులు మాంసం లేదు కదా అని అడిగి ఊరుకోకూడదు. హామోన్‌ను చాలామంది మాంసంగా లెక్కపెట్టరు, కూరగాయల వంటకం మీద కూడా చల్లేస్తారు. హామోన్ వద్దని, చేప వద్దని విడివిడిగా చెప్పాలి. అలా చెబితే సెవియా ఊరి శనగల పాలకూర, బాదం, వెల్లుల్లితో చేసే చల్లని తెల్ల సూపు, ఉప్పు చల్లి వేయించిన పద్రోన్ పచ్చిమిర్చి, టమాటా రుద్దిన రొట్టె నిశ్చింతగా తినవచ్చు. గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంప అట్టు ప్రతి ఊళ్లోనూ ఉంది. ఎవరైనా ఏ ఊరని అడిగితే ఆంధ్ర అని, అనంతపురం దగ్గర అని చెప్పి చూడండి. బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడి పల్లెల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ పేరు స్పెయిన్‌లో చాలామందికి తెలుసు. ఆయన సంస్థకు అక్కడి నుంచి నెలనెలా చందా పంపే కుటుంబాలున్నాయి.

బోదెగాల్లో రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు. కారు నడిపేవాళ్లు తప్పక ఉమ్మాలి. ఆగస్టులో మాడ్రిడ్‌లో చాలా హోటళ్లు సెలవుల పేరుతో మూతపడతాయి. సెప్టెంబరు నెలాఖరు అన్నిటికన్నా మంచి సమయం, అప్పటికి అల్బుఫేరాలో వరికోతలు, రియోహాలో ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి. విమానం టిక్కెట్టు కొనకముందే బోదెగాలకు రాసి రోజు ఖాయం చేసుకోండి. ముందు చెప్పకుండా వెళితే చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు.